గుమ్మంలో కుర్చీ

పెరటి గోడ కన్నంలో తుమ్మెదలు గూడు పెట్టాయి. తడి సిమెంటు గిన్నె పట్టుకుని భర్త అటూ ఇటూ తిరుగుతుంటే, భార్య మిరప, టమాటా మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"నాతో పోట్లాట చాల్లేదు కాబోలు, మా ఆయన తుమ్మెదలతో పెట్టుకున్నారు."

"వెటకారం ఆపు. పేపరు చదువుకోనివ్వకుండా మొహం మీదికే వస్తున్నాయి. ఇవాళ కన్నం మూసెయ్యాల్సిందే."

"లోపల వాటి పిల్లలున్నాయండీ. పైగా టమాటా పూత కాయ కట్టాలంటే అవే దిక్కు."

"నన్ను కుడితేనో?"

"నెల్లాళ్లుగా కుట్టనివి ఇవాళ కుడతాయా? ముందు మీ కుర్చీ నాలుగడుగులు ఇటు జరపండి."

"ఇదిగో, జరిపాను. అరె, తిన్నగా కన్నంలోకే పోతున్నాయే!"

"సిమెంటు గట్టిపడుతోంది, తొందరగా తేల్చండి."

"వాటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, అవే నా మీదికి వస్తున్నాయన్నాను. తప్పు నాదే."