కంప్యూటరుకు వేడి చేసింది

తను పనిలో ఉండగా జ్వరంతో పాపకు ఏమైనా అవుతుందేమోనన్నదే ఆమె భయమంతా. గల్ఫ్‌లో ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్లోని ఒక హోటల్లో కంప్యూటర్లకు చదరంగం పోటీ జరుగుతుంటే, హాలు వెనక ఆమె, ఇంకో పెద్దావిడ, ముదీర్ అని పిలిచే మేనేజరు కనుసన్నల్లో నేల తుడుస్తున్నారు.

“కంప్యూటర్లే ఆడతాయా అక్కా? మరి ఈ కోట్లేసుకున్నోళ్లెందుకు?”

“అది చెప్పిన గడిలోకి పావు జరపడానికి. మనలాగే పనోళ్లు!”

“ఏసీకి వణుకొత్తంది.”

“నీకేశారనుకున్నావా? వాటికే!”

“అదేంటి, అందరూ అటు పరిగెడతన్నారు?”

“ఒకటి వేడెక్కిందంట. ఆట గడియారం ఆపేసి ఫ్యాన్లు తెచ్చారు.”

“పెళ్లికొడుక్కి విసిరినట్టు ఎంతమందో! మా ఫేబా ఒళ్లు పొద్దున్నించీ కాలిపోతంది. సెలవడిగితే, ‘పోటీ ఖలాస్ అయ్యాక చూద్దాం’ అన్నాడు ముదీర్.”

“పిల్ల దగ్గరెవరున్నారు?”

“పక్కగది మరియకుమారత్త. ఫోనెత్తట్లేదు.”

“మళ్లీ చెయ్యవే.”

“చేత్తానే ఉన్నానక్కా.”

“ముదీర్ చూత్తన్నాడు. యల్లా, తొందరగా తుడువు.”

ఆమె తుడుస్తూనే ఉంది. ఇది చదివేవాళ్లలో ఆ ఊళ్లో ఉండేవారెవరైనా ఉంటే, చేపల మార్కెట్ వెనక పచ్చగేటు ఇంటి తలుపు తట్టండి. ఫేబా నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి.