పసుపు వెట్టిన రాయి

“కాకా, నువ్వు అమెరికోళ్ల కాడ గూడ పనిజేసినవంట గదా?”

ఎవ్వలు జెప్పిన్రు, ఖాజా భాయా? ఆయన నోట్ల నువ్వుగింజ నానది. కూసో కొడుకా, చాయ్ తాగుకుంట చెప్త.

కరోనా వొయ్యినంక ముచ్చట. ఈ అల్ హైల్ రూమ్‌కు రాకముందు, ఈ అరబ్బు దేశంలనే రుస్తాఖ్ ఊరు అవుతల గుట్టలల్ల సైట్. మా కంపెనీ బోరు మిషిన్ కిరాయికిచ్చింది. మన దిక్కు బోరంటే నీళ్లకే గదా? ఆళ్లకు నీళ్లు వద్దంట, రాయి గావాల్నంట! భూమిలకెల్లి పైపు లెక్క గుండ్రంగ తియ్యాలె. కంటికి కనవడని పురుగులు అండ్ల బతుకుతున్నయా అని జూస్తరంట. అందుకే మేడమ్ అందరికి గ్లౌజులిచ్చింది, ఒట్టి చేతులతోని ముట్టద్దని. మేడమంటే యాభై ఏండ్ల మనిషి, అమెరికామె.

ఇగ మా సత్తన్న, మిషిన్ నడిపేటోడు, జగిత్యాల దిక్కాయన. బోరేస్తె కొబ్బరికాయ గొట్టకుంట ఉంటమా మనం? మేడమ్ టెంట్లకు వొయ్యింది, మొదటి రాయి బయటికొచ్చింది. సత్తన్న గ్లౌజులు దొడుక్కునే, మర్యాదగ, దానికి పసుపు రాసి, కుంకుమ వెట్టి, కాయ గొట్టి నీళ్లన్ని రాయి మీదనే వోసిండు!

మేడమ్ వచ్చి జూసింది. సత్తన్నకు జేసిన తప్పు అప్పుడు సమజైంది. ఊర్లె ఇల్లు సగం కట్టి ఉన్నది ఆయనది, నౌకరి వోతే ఎట్ల?

ఆమె రాయి పక్కన కూసున్నది. “ఇది పరీక్షకు పనికిరాదు” అన్నది. సత్తన్న దిక్కు జూసి, “మా నాయిన గూడ గిట్లనే” అన్నది. ఆమె ఇంగ్లీషుల అనేది డ్రైవర్ ఖాజా భాయే మాకు మన మాటల జెప్తుండు.

వాళ్ల నాయిన పాస్టరంట. అమెరికల అందరు సైన్సోళ్లే అనుకున్న నేను. కాదట కొడుకా! వాళ్లమ్మ పడుచుగున్నప్పుడు, చంద్రుని మీద మనిషి దిగుతుంటే ఊరంత టీవీల ముందట కూసున్నదంట. మల్ల అదే ఊర్ల, భూమి ఎప్పుడు వుట్టింది, మనిషి యాడికెల్లొచ్చిండు, బడిల ఏం జెప్పాలె అని తల్లిదండ్రులు మీటింగులు వెట్టి ఒకటే లొల్లి.

ఈమె చిన్నగున్నప్పుడు బడిల సైన్స్ ఫేర్ అయ్యింది. టేబుల్ మీద రాళ్లు వెట్టి, వీటికి కోట్ల ఏండ్లని రాసింది. నాయిన అది నమ్మడు. అందరి ముందట ఏమంటడో అని ఈమెకు బుగులు. వచ్చిండంట. పొద్దుగూకేదాంక టేబుల్ పక్కన నిలవడి, వచ్చినోళ్లందరికి “మా బిడ్డ చెప్తది, ఇనుండ్రి” అన్నడంట.

“ఇప్పుడు నమ్ముతడా మేడమ్?” నేనే అడిగిన.

నవ్వింది. “ఇంకా నమ్మడు. గని ప్రతి ఐతారం ఫోన్ జేసి, ఏం రాయి దొరికింది అని అడుగుతడు.”

సత్తన్న నౌకరి వోలె. “కాయ మిషిన్‌కు గొట్టు, రాయికి వద్దు” అన్నది, గంతే. మల్లొక బోరేసినం, మేడమ్‌కు కావాల్సిన రాయి దొరికింది.

నాకు మటుకు ఆమె నాయిన ముచ్చట మనసుల వడ్డది. మా బిడ్డ అప్పుడు కరీంనగర్ల సదువుతుండె... మైక్రో ఏందో, నా నోరు తిరగది. తిన్నవా, పానం మంచిగున్నదా, మా ఫోన్ ముచ్చట్లు గవ్వే. ఆ మాపు ఫోన్ జేసి, “నీ సదువు గురించి చెప్పు బిడ్డా” అన్న. “నాయినా, నీకేమన్న అయ్యిందా?” అన్నది! ఇగ షురూ జేసింది సూడు, ఆగదే. సగం గూడ సమజ్ గాలె. హా, హా అనుకుంట ఇన్న. ఎంత సంబురమైందో కొడుకా...

నువ్వు గూడ సల్లగుండు. నీకు సమజ్ గాని సదువులు సదివే పిల్లలు వుట్టాలె.