ఇనాయత్ పంపిన మూట

ఎవురు నేర్పిచ్చినారు తబ్రేజూ, ఉన్నిని అట్ల పైపెదవికి ఆనిచ్చి చూసేది? మన షాపు ఓనరు, అర్బాబా? మరి ఆయనకు నేర్పిచ్చింది ఎవురో చెప్పినాడా? చెప్పడులే. ఇనాయత్ అని ఉండె, మన ప్రొద్దుటూరోడే, నువ్వు మస్కట్‌కు, ఈ ఖురం షాపుకు రాకముందు మాట. వాడు చచ్చిపోయి ఏడేండ్లు. ఇంగా వాని పద్ధతే నడుస్తాంది ఈడ, నాది కాదు. కూచో, టీ చల్లారిపోతాంది. వాడు రాకముందు, ఒమానీలు తలకు చుట్టుకునే మసర్లు పద్దెనిమిదేండ్లు నా చేతుల మీదే అమ్ముడుపోయినాయి. మేలైన ఉన్ని ఏదంటే అర్బాబు నా మొగమే చూస్తాండె. ఇనాయత్ వచ్చి ఆర్నెల్లు కాలే, ఒగ మసర్ పెదవికి ఆనిచ్చి, 'గురవయ్యన్నా, ఇది అసలు పష్మీనా కాదన్నా, గొర్రె బొచ్చు కలిసింది' అన్యాడు. మర్యాదగానే అన్యాడు, అదే నాకు కాలింది. టెస్టుకు పంపిస్తే వాడు చెప్పిందే నిజమాయె. ఆ పొద్దుట్నుంచి వాడు నవ్వినా నాకు కడుపుమంటే.

యాడున్యా? ఆ, వికూనా. అర్బాబుకు వికూనా ఉన్ని పిచ్చి పట్టె. ఆ జంతువులు పెరూ దేశంలో కొండల మీద ఉంటాయి, ఒంటె జాతే గానీ జింక మాదిరి సన్నగా. సాకేటివి కావు. ఊరు ఊరంతా తాడు పట్టుకొని చుట్టుముట్టి, బొచ్చు కత్తిరిచ్చుకొని, మళ్లా కొండకే వదిలేస్తారు. ఒగదానికి గుప్పెడొస్తే గొప్ప. అది తెచ్చేదానికి సీనియర్‌ను నేనుంటే వాన్ని పంపిచ్చినాడు. వాడు ఆన్నుంచి ఫోన్ చేసి, 'చలికి మూతి పగిలిపోయిందన్నా, ఉన్ని ఆనిచ్చి చూద్దామంటే రక్తమంటుతాంది' అని నగుతాడు. నాకు నగు రాలే. మూట వానికంటే ముందొచ్చె. విప్పితే మెత్తటి బొచ్చులో బిరుసు వెంట్రుకలు. ముడి ఉన్ని అట్లనే ఉంటాది అబ్బీ, ఆడోళ్లు కూచోని ఒగొగటే ఏరేయాల. అర్బాబు నేసిందే చూసినాడు గానీ ముడిది ఎన్నడూ చూడలే. 'గురవయ్యా, కల్తీనా?' అన్యాడు. చెయ్యి పెట్టినా. అంత మెత్తనిది నా జన్మలో ముట్టుకోలే. 'మేక బొచ్చు కలిసింది అర్బాబ్' అంటి.

వాడు దిగినాక ఎంత చెప్పినా ఆయన వినలే. 'గురవయ్యన్నను అడగండి, అన్నకు తెలుసు' అని వాడు నా పక్క చూసినాడు. నేను మసర్లు మడత పెడ్తా ఉంటి. అర్బాబు వాని వీసా క్యాన్సిల్ కొట్టి ఊరికి పంపేసినాడు. మూడేండ్లకు ఒగ నేతాయన వచ్చి, మూలనున్న ఆ మూట చూసి, 'ఇంత మంచిది ఎవురు తెచ్చినారు?' అనె. ఇనాయత్‌ను పిలిపిచ్చమని అర్బాబు నాకే చెప్పినాడు. ఫోన్ చేస్తే వాని భార్య షిఫా ఎత్తింది. వానికి నెల ముందే గుండె ఆగిపోయిందంట.

అప్పుడు నన్ను పంపిచ్చినాడు పెరూకు. పద్దెనిమిదేండ్లు గాదు, అప్పటికి ఇంగా ఎక్కువే, ఎదురుచూసింది దానికే. ఆడ ఉన్ని ఏరే ముసలామె, మస్కట్ అనంగానే నా చేతులు పట్టుకొని, 'ఇనాయత్?' అనింది. ఆమె భాష నాకు తిప్పి చెప్పే మనిషి అన్యాడు: 'ఆయన మాతో నేలమీద కూచోని ఏరినాడు, బాగుండాడా అని అడుగుతాంది.' బాగుండాడని చెప్పమంటి. చచ్చినాడంటే ఆమె ఏడుస్తాది, వాని కోసం. అది గూడా ఓర్చుకోలేకపోతి నేను.

లెయ్, ఎవురో కస్టమర్ వచ్చినట్టుండాడు. ఆ నీలం మసర్ చూపిచ్చు.