మీ తాతయ్య ఎడమ చెయ్యి

ఏమిటే, పుస్తకం అలా టప్పున మూసేశావు? కోపం పుస్తకం మీదా, మీ ప్రొఫెసర్ మీదా? ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది, మంచం మీదికి రా. ఊఁ, ఇప్పుడు చెప్పు. పక్షవాతం వచ్చిన మనిషిని క్లాసు మధ్యలో కూర్చోబెట్టి, ఈ చెయ్యి ఎవరిదయ్యా అని అడిగితే, మా తమ్ముడిదండీ అన్నాడా ఆయన? పిల్లలందరూ నవ్వారా? నువ్వేమో లేచి నిలబడి, రోగి ప్రదర్శన వస్తువు కాదు అని అరిచి బయటికి వచ్చేశావు. అరిచావు, బాగానే ఉంది. వచ్చేటప్పుడు ఆ పెద్దమనిషిని ఒక్కసారి పలకరించావా? లేదూ. అచ్చం మీ తాతయ్య పోలికే. వయసులో ఉన్నప్పుడు ఆయనా అంతే, నినాదం ముందు, మనిషి తర్వాత. పోను పోను మారాడనుకో.

నువ్వు ఆయన్ని చూళ్లేదు కదా. మీ అమ్మ పెళ్లికి ముందే పోయాడు. నరాల డాక్టరు, ఆ చదువంటే ప్రాణం. మెదడు ప్రతి తలలోనూ ఉన్నప్పుడు దాని గురించిన చదువు నాలుగు గోడల మధ్యే ఎందుకుండాలి అనేవాడు. ఎక్కడో చదివిన మాటే అయ్యుంటుంది, కానీ అప్పుడే తనకి తట్టినట్టు చెప్పేవాడు. సెలవు రోజొస్తే చాలు, ప్లాస్టర్‌తో చేసిన మెదడు బొమ్మ ఒకటుండేది, ముక్కలు ముక్కలుగా విడిపోయేది, దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కి కార్మికుల హాలుకి వెళ్లిపోయేవాడు, పాఠం చెప్పడానికి. ఒకసారి పక్క సీట్లో పెడితే కండక్టర్ వచ్చి, మాస్టారూ, మీ మెదడు కూర్చుంది, దానికీ టికెట్టు కొట్టాలి అన్నాడట. ఈయన ఊరుకుంటాడా, ఇది ప్రజల ఆస్తి, దీనికి టికెట్టేమిటని వాదన. చివరికి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఆయన్ని చూసింది ఆ హాల్లోనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసేదాన్ని అప్పుడు. మన ఒళ్లంతా నరాలు తీగల్లా పరిచి ఉన్నాయి, వేలికి ముల్లు గుచ్చుకుంటే కబురు వెన్నులోంచి పైకి వెళ్తుంది, మెదడు అందుకుంటుంది అని ఊగిపోతూ చెబుతున్నాడు. నేను ఊరుకోక, మరి రాంగ్ నంబర్లు పడవా అండీ అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. పడతాయండీ, కాలు తీసేసిన వాళ్లకి లేని పాదం దురద పెడుతుంది, గోక్కోడానికి వేళ్లు చాపుతారు పాపం అన్నాడు. ఆ పాపం అన్న మాట దగ్గరే పడిపోయాను నేను. నవ్వకు. నీకూ ఒకరోజు వస్తుంది.

ఏం చెబుతున్నాను? ఆఁ, చెయ్యి. ఆస్పత్రిలో ఆయనకో పద్ధతి ఉండేది. స్పర్శ ఉందో లేదో చూడ్డానికి పిన్నుతో గుచ్చి చూస్తారు కదా, ఆ పిన్ను ముందు తన చేతికి గుచ్చుకునేవాడు, రోగి చూస్తుండగా. ఆ తర్వాతే రోగికి. శిష్యులకీ అదే నేర్పాడు. వాళ్లలో ఒకడిని అందరూ సుత్తి డాక్టర్ అనేవాళ్లు. మోకాలి మీద కొట్టే సుత్తి ఎప్పుడూ జేబులోంచి తొంగిచూస్తూ ఉండేది, మాట్లాడినా సుత్తే. మంచివాడు. మీ తాతయ్యకి జబ్బు చేసినప్పుడు చూసింది వాడే.

ఒకరోజు పొద్దున్న గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. కుడి బుగ్గ నున్నగా ఉంది, ఎడమ బుగ్గ నిండా నురగ. నేను నవ్వాను, హాస్యానికి చేశాడనుకుని. ఏమిటే నవ్వుతావు అంటూ అడుగు వేశాడు, ఎడమ కాలు వెనకే ఉండిపోయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూశాం అసలు సంగతి. పళ్లెంలో కుడివైపుది తిని, ఇంకేం లేదా, ఆకలేస్తోంది అనేవాడు. ఎడమవైపుది అలాగే ఉండేది. పళ్లెం ఇటు తిప్పి పెడితే తినేవాడు. నేను ఎడమవైపు కూర్చుని ఉంటే ఇల్లంతా వినపడేలా నన్ను పిలిచేవాడు. ఇక్కడే ఉన్నానండీ అంటే, మాట వినపడుతోంది, ఎక్కడున్నావు అని కుడివైపంతా వెతికేవాడు. సుత్తి డాక్టర్ చెప్పాడు, కళ్లు బాగానే ఉన్నాయమ్మా, ఎడమ అనేది ఒకటుందన్న సంగతే ఆయన మెదడులోంచి పోయింది, పోయిందని చెప్పాల్సిన చోటే పోయింది అని. మరి ఆయన చెప్పిన పాఠమే కదురా ఇది అన్నాను. అడగండి, ఇప్పుడూ చెప్తారు అన్నాడు. అడిగాను. ఒక్క తప్పు లేకుండా చెప్పాడే తల్లీ, మెదడు కుడిపక్క దెబ్బతింటే మనిషి ఎలా ఉంటాడో, పళ్లెం సంగతితో సహా. అంతా చెప్పి, పాపం అలాంటివాళ్లని ఓపిగ్గా చూసుకోవాలి అన్నాడు.

చెయ్యి సంగతి ఇంకా కష్టం. తన ఎడమ చెయ్యి ఎప్పుడైనా కుడివైపుకి వచ్చి కంటబడితే, అది తనది కాదు, నాదనుకునేవాడు. నీ చెయ్యి ఇక్కడ పడేసి ఎక్కడికెళ్లావే అనేవాడు. రోజూ వేళ్లు చాపి ముడిచి వ్యాయామం చేయించాలి, లేకపోతే పిడికిలి బిగుసుకుపోతుంది, ఇక తెరుచుకోదన్నాడు సుత్తి డాక్టర్. నేను పట్టుకోబోతే, నీ చెయ్యి నువ్వు ఆడించుకోడానికి నా పక్కమీదెందుకు అని విసుక్కునేవాడు. అప్పటికే చూపుడు వేలు లోపలికి ముడుచుకుంటోంది. నాకు రోజూ దాని మీదే ధ్యాస. చాకలి పద్దు రాస్తున్నా ఆ వేలే కనపడేది.

ఒకరోజు సుత్తి డాక్టర్ పిన్ను తీశాడు. పద్ధతి ప్రకారం ముందు తన చేతికి గుచ్చుకున్నాడు. తర్వాత మీ తాతయ్య ఎడమ చేతికి గుచ్చాడు. ఆయనకి తెలియలేదు. కానీ ఆ చెయ్యి కుడివైపుకి లాగి చూపిస్తూ రెండోసారి గుచ్చబోతుంటే, వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆవిడ చేతికెందుకురా గుచ్చుతున్నావు? రోగిని నేను."

వాడు పిన్ను జేబులో పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

నాకు ఆ మర్నాడు తట్టింది. పక్కన కూర్చుని, ఆయన ఎడమ చెయ్యే కుడివైపుకి తెచ్చి పెట్టి, ఏవండీ, నా చెయ్యి పట్టేసింది, వేళ్లు లాగుతున్నాయి, కాస్త ఒత్తి పెడతారా అన్నాను. అంతే. తన కుడిచేత్తో ఆ చెయ్యి తీసుకుని ఒక్కో వేలూ చాపాడు, ముడిచాడు, అరచెయ్యి నిమిరాడు. ఎక్స్ఛేంజ్‌లో ఆ తీగలు పీకీ పీకీ ఇలా అయిపోయింది, ఉద్యోగం మానెయ్యమంటే విన్నావా అని తిట్టాడు. రోజూ అదే తంతు. నా చెయ్యి అంత ఓపిగ్గా ఆయన ఎప్పుడూ ఒత్తలేదు తెలుసా, నాకు నా ఒంటి నొప్పే తీరినట్టుండేది. సుత్తి డాక్టర్ చూసి గొడవ పెట్టాడు. అమ్మా, ఇది తప్పు, ఆయన భ్రమని మీరు ముదరబెడుతున్నారు, నిజం చెప్పాలి, జీవితమంతా నిజం కోసం పోట్లాడిన మనిషి అన్నాడు. నిజం తర్వాత చెబుదువుగాని, ముందు ఆ వేలు చూడు అన్నాను. వాడు వేలు చాపి చూశాడు. సాఫీగా వచ్చింది.

ఏమిటీ, నువ్వైతే చెప్పేసేదానివా? చెప్పేదానివేలే.

ఒక సాయంత్రం అలాగే వేళ్లు ఒత్తుతూ ఒత్తుతూ ఆగిపోయాడు. ఆ చేతిని తిప్పి చూశాడు, భుజం దాకా తడుముకుంటూ వెళ్లాడు, మళ్లీ వేళ్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది నాదేనా?"

మీదే అన్నాను.

"మరి ఇన్నాళ్లూ నొప్పి అన్నావు."

అన్నాను. ఇక తిట్లే అనుకున్నాను. అబద్ధమంటే ఇంట్లో పళ్లాలు ఎగిరేవి మరి. ఆయన మాత్రం ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టాడు, పడుకోబెట్టినట్టు.

"మరి నీదేదీ?"

నేను ఎడమవైపే కూర్చుని ఉన్నాను. చెయ్యి అటు చాపలేదు. పిలవలేదు కూడా. ఆయన తల తిప్పాడే. మెల్లగా, బరువేదో లాగుతున్నట్టు. చూపు తన భుజం దాటింది, దిండు అంచు దాటింది, నా మోకాళ్ల మీదికొచ్చింది, అక్కణ్ణించి పైకి.

"ఇక్కడే ఉన్నావా," అన్నాడు.

...

ఆ కిటికీ వెయ్యవే, జల్లు లోపలికి కొడుతోంది.