ఎక్స్‌ప్రెస్ బాబాయ్ ఎంచిన లాప్‌టాప్

మా షెడ్డు పక్కన టీ కొట్టు. కొట్టు ముందు రెండు బల్లలు. ఒకటి టీ తాగేవాళ్ళది, రెండోది ఎక్స్‌ప్రెస్ బాబాయ్‌ది. ఆయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. మాట మొదలుపెడితే చిన్న స్టేషన్లలో ఆగడు కాబట్టి ఆ పేరు వచ్చింది. నేను బండ్ల మెకానిక్‌ని. రోజూ సాయంత్రం చేతులు కడుక్కుని ఆయన కోతలు వినడం నాకూ, మందుల షాపాయనకీ అలవాటు.

ఆ రోజు మా చెల్లెలు రెండు లాప్‌టాపులు సంచిలో పెట్టుకుని షెడ్డుకొచ్చింది. తను చెవులు వినిపించని పిల్లలకి చేతులతో మాట్లాడటం నేర్పుతుంది. ఇంట్లో కూర్చునే, ఫోన్‌లో వీడియో పెట్టి. నెలకోసారి మాత్రం రైలెక్కి పిల్లల ఊళ్ళకి వెళ్ళి చూసొస్తుంది. ఈ మధ్య ఆ ఫోన్ కెమెరా మసకబారి వేళ్ళన్నీ కలిసిపోతున్నాయి. పోయిన వారం తను 'రేపు క్లాసు లేదు' అంటే ఒక పిల్ల 'ఇక క్లాసు లేదు' అని చదువుకుని రోజంతా అన్నం ముట్టలేదట. అది తెలిసిన దగ్గర్నుంచీ మా చెల్లెలికీ ముద్ద దిగడం లేదు.

లాప్‌టాపుల షాపాయన స్కూటర్ నేనే బాగుచేస్తాను. ఆ చనువుతో రెండూ ఇచ్చి, నచ్చింది ఉంచుకోమని, రెండోది కొట్టు కట్టేసేలోగా పంపమని చెప్పాడు. రెండూ చవకరకమే. ఒకటి లావుగా, బరువుగా, పెద్ద తెరతో ఉంది. రెండోది పల్చగా, తేలిగ్గా ఉంది, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుందట. ఏది ఉంచుకోవాలని తను నన్నడిగింది. స్పానర్ల గురించయితే చెప్పేవాణ్ణి.

సంచిలోంచి అవి బయటపడగానే బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. లాప్‌టాప్ ఎంపికలో తనని మించినవాడు లేడని, ఇన్నాళ్ళూ ఎవరూ అడక్క చెప్పలేదని అన్నాడు. మా చెల్లెలు ఆయన్ని వెలుతురున్న వైపు కూర్చోమంది. రెండు లాప్‌టాపులూ ఆయనకి ఎదురుగా తెరిచి, కెమెరాలు పెట్టి, తను పక్కన కూర్చుంది. తెరల మీద ఇద్దరు బాబాయిలు కనబడ్డారు. తన మాటలు భద్రం చేస్తున్నారని ఆయనకి అర్థమైపోయింది. గొంతు సవరించుకుని కాలర్ సరిచేసుకున్నాడు.

"మా తోడల్లుడు లాప్‌టాప్ కొనాలని నన్ను తోడు తీసుకెళ్ళాడమ్మా. అచ్చం ఇలాగే ఒకటి లావుది, ఒకటి పల్చటిది. షాపులో కుర్రాడు ఇందులో అదుంది, అందులో ఇదుందని పాఠం మొదలెట్టాడు. నువ్వాగు నాయనా అని చెప్పి, కళ్ళు మూసుకుని, రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు టికెట్లు పట్టిన చేతులివి, దొంగ టికెట్ అయితే ముట్టుకోగానే చురుక్కుమంటుంది. పల్చటిది చల్లగా, బుద్ధిగా ఉంది. లావుది ముట్టుకోగానే చురుక్కుమంది. మా తోడల్లుడికి చెప్పాను, వద్దురా బాబూ అని. వింటాడా? పెద్ద తెర అని మురిసిపోయి లావుదే కొన్నాడు. పల్చటిది నేను తీసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మందుల షాపాయన, అది ఆయన వంతు కాబట్టి.

"వాడు కొన్న రోజు కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతే. మళ్ళీ లేవలేదు."

"అయ్యో, పోయారా?"

"పోలేదయ్యా, బరువుకి లేవలేకపోయాడు. ఇప్పటికీ భోజనం కుర్చీ దగ్గరికే. మా మరదలు ఇల్లు ఊడ్చేటప్పుడు కుర్చీతో సహా ఇటు జరిపి అటు ఊడుస్తుంది. వాడి సంగతి వదిలెయ్యండి. నేను నాది సంచిలో వేసుకుని రైలెక్కాను. ఛార్జింగ్ సగమే ఉంది, సర్లే ఉన్నంతసేపు చూద్దామని తెరిచి, మా ఆవిడకి నాలుగు ముక్కలు ఉత్తరం టైపు కొడుతున్నాను. నా టైపింగ్ స్పీడు మీకు తెలుసు కదా."

మాకు తెలీదు. ఎవరమూ ఆ మాట అనలేదు.

"ఆ కొట్టుడికి మీటలు వేడెక్కాయి, ఆ వేడి లోపల బ్యాటరీకి ఎక్కింది, చూస్తుండగానే సగం ఉన్న ఛార్జింగ్ ముప్పావు అయింది, నిండింది, నిండి పొర్లింది. పొర్లిన కరెంటు వృథా చెయ్యడం నాకిష్టం ఉండదు. పక్కనున్నాయన ఫోన్ పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నావిడ పెట్టుకుంది. ఆ సంగతి పొక్కి పెట్టె పెట్టెంతా ఫోన్లు పట్టుకుని నా ముందు క్యూ. వరసలో రండమ్మా, తోసుకోకండి, టికెట్ ఉన్నవాళ్ళకే కరెంటు అన్నాను. రిటైరైనా నా ధర్మం నేను వదలను కదా. అలా ఇద్దరు టికెట్ లేనివాళ్ళని పట్టుకున్నాను కూడా. ఇంతలో బ్రిడ్జి మధ్యలో రైలు ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ కొట్టాయన పాలు పొంగుతున్నా ఇటే చూస్తున్నాడు.

"ఇంజన్ చచ్చిపోయింది. డ్రైవర్ పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చి, పల్చటి లాప్‌టాప్ ఉన్న పెద్దాయన మీరేనా అన్నాడు. నేనే, ఎంత కావాలి అన్నాను. తన పరువు కాపాడేంత అన్నాడు పాపం. వైరు తీసి ఇంజన్‌కి పెట్టాను."

"ఛార్జింగ్ వైరు ఇంజన్ దాకా అందిందా బాబాయ్?" అన్నాను నేను.

"మంచి ప్రశ్న వేశావురా. అందలేదు. అందుకే ఇంజన్‌ని కాస్త వెనక్కి తోయించాను. ఇక చూడు, నేను ఇక్కడ ఉత్తరం కొడుతుంటే అక్కడ రైలు కదిలింది. మా ఆవిడ మీద ప్రేమగా రాసినప్పుడు నెమ్మదిగా పోతోంది, మా అత్తగారి ప్రస్తావన వచ్చేసరికి నా వేళ్ళకి ఊపొచ్చి రైలు దూసుకుపోయింది. స్టేషన్లు గీతల్లా కనబడుతున్నాయి. సిగ్నల్ దీపాలు మేం దాటాక గానీ పచ్చబడటం లేదు. చేరాల్సిన టైముకి ముందే చేరాం, ఇంకా ముందుకెళ్ళాం, చివరికి ఎంత ముందుగా చేరామంటే అసలు మేం బయలుదేరకముందే చేరిపోయాం. దిగి చూస్తే ఎదురు ప్లాట్‌ఫాం మీద సంచి పట్టుకుని రైలెక్కడానికి సిద్ధంగా ఎవరున్నారనుకున్నారు? నేనే."

మందుల షాపాయన గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"మరి పలకరించారా?"

"పలకరించడమేమిటి, టికెట్ అడిగాను. వాడు ఎంతైనా నేనే కదా, చూపించడానికి బెట్టు చేశాడు. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. మా ఇద్దరికీ సర్దిచెప్పడానికి స్టేషన్ మాస్టర్ రావాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊళ్ళో సాయంత్రం కరెంటు పోతే ఊరంతటికీ దీపాలు నా లాప్‌టాపే వెలిగించింది. ఇంత చేసీ మూత వేసేటప్పుడు చూస్తే ఛార్జింగ్ ఇంకా సగం ఉంది. కాబట్టి తల్లీ, కళ్ళు మూసుకుని పల్చటిది ఉంచుకో. ఆ లావుది ఇప్పుడే పంపించెయ్."

బాబాయ్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి మా అందరి ముఖాలూ చూశాడు. మా చెల్లెలు లేచి పల్చటి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టింది.

"లావుదే ఉంచుకుంటాను బాబాయ్."

ఇంత చెప్పినా ఎందుకని ఆయన అడిగాడు. కోపం లేదు గానీ మొహంలో దెబ్బ తిన్నట్టు కనబడింది. మా చెల్లెలు సంచిలోది మళ్ళీ తీసి, రెండింట్లోనూ పట్టిన వీడియోలు పక్కపక్కన వేసింది. పల్చటిదాంట్లో బాబాయ్ చేతులు రెండు దూది ఉండల్లా అటూ ఇటూ ఎగురుతున్నాయి. ఏది బొటనవేలో, ఏది చిటికెనవేలో చెప్పలేం. లావుదాంట్లో వేలికి వేలు విడిగా కనబడుతోంది, ఉంగరం పక్కన పడిన తెల్లటి మచ్చతో సహా.

ఇంత వేగంగా చేతులు తిప్పే మనిషి తనకి ఊరంతా వెతికినా దొరకడని, బాబాయ్ వల్లే సంగతి తేలిందని చెప్పింది. మరి రైల్లో బరువు కదా అని నేనన్నాను.

"నెలకోసారేగా అన్నయ్యా, మోస్తాను. పిల్లలకి నా వేళ్ళు రోజూ కనబడాలి."

బాబాయ్ కాస్త తేరుకున్నాడు. ఏది ఉంచుకుంటేనేం, కథ మాత్రం మొత్తం రికార్డయింది కదా అన్నాడు.

"సౌండ్ పెట్టలేదు బాబాయ్. మా పిల్లలకి దాంతో పని లేదుగా."

"అంటే నీ పిల్లలకి చూపిస్తావా?" ఆయన మొహం వెలిగింది. "మాటల్లేకుండా వాళ్ళకి అర్థమవుతుందా నా కథ?"

"ఎందుకవ్వదు? నిజం చెప్పాలంటే నేనూ మాటలు సరిగ్గా వినలేదు. ఎవరైనా చేతులు కదిపితే ఇక నాకు చెవులు పనిచెయ్యవు, అలవాటైపోయింది. మీ చేతులే చదువుతూ కూర్చున్నాను." వీడియోని ఒకచోట ఆపింది. తెర మీద బాబాయ్ రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పి, భుజాలు ఎగరేసి ఉన్నాడు. "మీరు 'ఆ తర్వాత ఏమైందో తెలుసా' అన్నప్పుడల్లా ఇలా చేశారు. మా పిల్లలు దీన్ని ఒకే రకంగా చదువుతారు."

"ఏమని?"

"'నాకు తెలీదు' అని."

మందుల షాపాయనకి టీ అడ్డం పడింది. టీ కొట్టాయన స్టవ్ వైపు తిరిగిపోయాడు గానీ వీపు కదులుతూనే ఉంది. బాబాయ్ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ చేతులు రెండూ పైకి లేచాయి. ఎదురుగా తెర మీద ఆగి ఉన్న చేతుల్నీ, గాల్లో ఉన్న తన చేతుల్నీ చూసుకుని, మెల్లగా వాటిని దించి తొడల కింద పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చాలాసేపు ప్రయత్నించాడు. చేతులు లేకపోతే ఆయనకి మాట రాదని మాకు ఆ రోజే తెలిసింది.