ఖాళీ కుర్చీ ముందు బటన్

లమ్మడా అనే ఊళ్లో ఒక మేడగది. తెలుగువాళ్ల పోకర్ పేకాట పోటీలో పందెపు చిప్స్ అన్నీ పోగొట్టుకున్న అచ్చెన్న కుర్చీ వదల్లేదు. పోటీ నడిపిస్తున్న సత్యశ్రీకి ఆయన సొంత చిన్నాన్న. గట్టిగా చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

“ఇంక ఇంటికెల్లు చిన్నాన్నా. నువ్వు ఓడిపోనావు.”

“మరి పంచే వంతు చూపే బటను బిళ్ల ఇప్పుడెవరి ముందుకొస్తాది?”

“నీ చోటుకే. ముక్కలు చూడకుండా కట్టే బ్లైండ్ పందెం వంతు ఎవరికీ తప్పకూడదని ఖాళీ కుర్చీ ముందైనా బటన్ ఓసారి ఆగాల.”

“నా చోటికొస్తే నానుండాల గదా.”

“ఉండకూడదు. రూలు ప్రకారం నువ్వు లేవు.”

“లెగమంటున్నావా, లేనంటున్నావా?”

“రెండూను.”

అచ్చెన్న గొంతు తగ్గించాడు. “ఇంత బేగి ఇంటికెల్తే మీ పిన్నికి తెలిసిపోద్దమ్మా. సాయంత్రం దాకా ఉండనీ.”

ఆటగాళ్లు విసుగ్గా చూస్తున్నారు. సత్యశ్రీ బటన్ తెచ్చి ఆయన ముందే పెట్టింది.

“అయితే లేనోడిలాగే కూకో.”

అలాగేనమ్మా అనబోయి అచ్చెన్న నోరు మూసుకున్నాడు. కాసేపటికి టీ వచ్చింది. ఆయన్ని దాటేసి పక్కాయనకిచ్చారు. అచ్చెన్న అడగలేదు.