తోటికోడళ్ల కోడి పచ్చడి

గౌరమ్మకి ఉప్పూ నిమ్మకాయా ఉంటే సాలు, లోకంలో ఏదీ పాడవదనుకో. దాని తోటికోడలు ముత్యాలుకేమో లవంగ నూనె, అదే, పంటినొప్పికి రాత్తారే, ఆ సిన్న సీసాలోది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మాటలు మాత్రం నేవంట. మొగుళ్లిద్దరూ అన్నదమ్ములు, ఒకే బోటు మీద సేపల ఏటకెళ్తారు. సముద్రంలో రోజూ సేపేనా, నోరు సచ్చిపోదేటి? అందుకని ఇంటికాణ్ణుంచి కోడి పచ్చడి అట్టుకెళ్తారు. ఏటైందంటే, ఒకపాలి గౌరమ్మ పచ్చడి పాడైపోద్దని భయపడి ఉప్పూ నిమ్మరసం కుమ్మరించీసినాది. దాహం తట్టుకోనేక బోటోళ్లు నీళ్ల డ్రమ్ము కాళీ సేసీసి సగం ఏటలో ఎనక్కొచ్చీసినారంట. ఇంకోపాలి ముత్యాలు సీసా మొత్తం ఒంపీసినాది. అందరికీ నాలికలు మొద్దుబారిపోనాయి. వల లాగండ్రా అని అరవడానికి నోరు తిరగదు, ఊఁ ఊఁ అని సైగలేనంట! నవ్వకండర్రా, ఆ రోజు వల తెగిపోనాది.

బోటు ఓనరు లచ్చయ్య గుమ్మంలోకొచ్చి నించున్నాడు. ఈసారి పచ్చడి తేడా వొచ్చిందా, మీ మొగుళ్లని దించీసి వేరేవోళ్లని ఎక్కించుకుంటాను, తర్వాత నన్ననకండమ్మా అనీసి పోనాడు. ఈపాలి గౌరమ్మ పచ్చట్లో ఉప్పు సగానికి, నిమ్మరసం సగానికి తగ్గించీసి జాడీకి గుడ్డ కట్టినాది. అది అటు తిరగ్గానే ముత్యాలు రుసి సూసినాది. ఓలమ్మో, ఇంత సప్పగుంటే కుళ్లిపోదా, నా మొగుడి పని పోద్ది గదా అనుకొని గుట్టుగా తన సీసాలోది నాలుగు సుక్కలేసినాది. ఎక్కువేస్తే నాలిక మొద్దుబారి గుట్టు పట్టిచ్చీద్ది మరి!

బోటు తిరిగొచ్చింది. పచ్చడి ఆకరి ముద్ద దాకా ఏమీ అవనేదు, లచ్చయ్య జాడీ నాకీసినాడంట. "ఎవలు సేసినారమ్మా?" అంటే "నానే" అందొకతి, "కాదు, నానే" అందింకొకతి. సరే, సెరో జాడీ పెట్టండి, నిలిచిందే బోటెక్కుద్ది అన్నాడు. గౌరమ్మ ఆ సగం ఉప్పూ సగం నిమ్మరసంతోనే పెట్టినాది. ముత్యాలు కూరకేసినంత ఉప్పూ, ఆ నాలుగు సుక్కలూ. బోటెళ్లే రోజు మూతలు తీస్తే ఏటుంది, రెండు జాడీలూ కంపే!

గౌరమ్మే ముందు నోరిప్పినాది. "ఒసే, అప్పుడు నా జాడీలో ఏటేసినావే?"

"సుక్కలేసినానప్పా. నువ్వేటి తగ్గించినావు?"

"ఉప్పూ, నిమ్మరసమూ."

ఓలమ్మో, రెండూ కలిస్తేనే పచ్చడి నిలిచినాదన్నమాట! ఇంకేటుంది, ఇద్దరూ కొంగులు బిగించి కొత్త పచ్చడికి కోడి ఎనకాల పరుగు.

అన్నదమ్ముల పని నిలబడిపోనాది, ఆ సీసా నిమ్మకాయల బుట్టలోకి సేరిపోనాది. కానైతే, ఆ రోజు మొదలెట్టిన మాటలు వాళ్లిద్దరూ ఇప్పటికీ ఆపనేదంట. అందుకే మొగుళ్లు బోటెళ్లే రోజున ఓనరు కన్నా ముందే ఒడ్డుకి పోయి కూకుంటన్నారు. సముద్రంలోనే కాస్త నిమ్మళంగా ఉంటాదంట, పాపం!